67 యూనిట్లు పెట్టి 13 తీసుకోవడం: కార్బన్ డయాక్సైడ్‌ను కరెంటుతో ఇంధనం చేసే లెక్క

కార్బన్ డయాక్సైడ్, నీళ్లు, కరెంటు. ఈ మూడింటితో ఒక కిలో ఇథిలిన్ (ప్లాస్టిక్‌కు ముడిసరుకైన వాయువు) తయారు చేయాలంటే ఇప్పటి మంచి ప్రయోగశాల సెల్ (కరెంటుతో రసాయన చర్య నడిపే పరికరం) దాదాపు 67 యూనిట్ల కరెంటు తాగుతుంది. ఆ ఇథిలిన్‌ను కాలిస్తే తిరిగి వచ్చే వేడి 13 యూనిట్లు. మధ్యలో 54 యూనిట్లు ఎటు పోయాయి? 'పొగ నుంచి పెట్రోలు' అంటూ వచ్చే వార్తలు ఉత్ప్రేరకం దగ్గర మొదలై అక్కడే ఆగిపోతాయి. నిజానికి ఆ 54లో ఉత్ప్రేరకం ఖాతాలో రాయాల్సింది కొంతే. మిగతాది నీళ్లు, పొర, అవతలి ఎలక్ట్రోడ్ మింగేస్తాయి.

ముందు ఆ 67 ఎలా వచ్చిందో చూద్దాం. కిలో ఇథిలిన్ అంటే 35.65 మోల్స్. ఒక్కో ఇథిలిన్ అణువు కట్టడానికి రెండు కార్బన్ డయాక్సైడ్ అణువులు, 12 ఎలక్ట్రాన్లు కావాలి. ఒక మోల్ ఎలక్ట్రాన్ల ఆవేశం 96,485 కూలుంబులు. అన్నీ గుణిస్తే సుమారు 4.13 కోట్ల కూలుంబులు. సెల్ 3.5 వోల్టుల మీద నడుస్తుంటే అది 40 యూనిట్లు. అయితే పంపిన ఎలక్ట్రాన్లన్నీ ఇథిలిన్‌కే చేరవు. చేరిన వాటా ఎంతో చెప్పేదే ఫారడే సామర్థ్యం. అది 60 శాతం అనుకుంటే 40 కాస్తా 67 అవుతుంది. అంటే 27 యూనిట్లు దారితప్పి హైడ్రోజన్, మీథేన్, కార్బన్ మోనాక్సైడ్, ఇథనాల్ వంటి వాటి తయారీకి పోయాయి. మిగిలిన 40లో సిద్ధాంతం ప్రకారం అవసరమైనది 1.15 వోల్టుల వాటా మాత్రమే, అది 13 యూనిట్లు. 3.5 వోల్టులు పెట్టాం కాబట్టి మరో 27 యూనిట్లు వేడిగా పోయాయి. నష్టం సరిగ్గా రెండు సగాలు: ఒకటి ఎంపికలో, ఇంకొకటి వోల్టేజీలో.

ఎందుకింత మొండితనం

కార్బన్ డయాక్సైడ్ అంటే కాలడం పూర్తయిపోయిన కార్బన్. దానికి ఒంటరిగా ఒక ఎలక్ట్రాన్ అంటించాలంటే, ప్రామాణిక హైడ్రోజన్ ఎలక్ట్రోడ్‌తో పోలిస్తే మైనస్ 1.9 వోల్టుల దాకా లాగాలి. నిటారుగా ఉన్న అణువు వంగాలి, అదే అసలు ఇబ్బంది. లోహపు ఉపరితలం ఆ వంగిన రూపాన్ని పట్టుకుని ఆదుకుంటే ఈ అవసరం బాగా తగ్గుతుంది. ఉత్ప్రేరకం చేసే పని అదే.

ఎన్ని ఎలక్ట్రాన్లు ఇస్తే ఏం వస్తుందో గుర్తుంచుకుంటే సగం వార్తల గుట్టు విప్పవచ్చు. కార్బన్ మోనాక్సైడ్‌కు 2, ఫార్మిక్ ఆమ్లానికి 2, మిథనాల్‌కు 6, మీథేన్‌కు 8, ఇథిలిన్‌కు 12, ఇథనాల్‌కూ 12. వీటన్నిటి పక్కనే పిలవని పేరంటంలా హైడ్రోజన్ ఉంటుంది. దానికి కావాల్సింది 2 ఎలక్ట్రాన్లే, పైగా చుట్టూ ఉన్నదంతా నీళ్లే. చిత్రమేమిటంటే మీథేన్, ఇథిలిన్, ఇథనాల్ తయారీకి ఉష్ణగతిక శాస్త్రం అడిగే వోల్టేజీలు హైడ్రోజన్ వోల్టేజీకి 0.2 వోల్టుల లోపు దూరంలోనే ఉన్నాయి. కాగితం మీద అన్నీ దాదాపు ఒకే ధర. ఏది తయారవుతుందో తేల్చేది వేగం, ఆ వేగాన్ని తేల్చేది ఉపరితలం.

1985లో జపాన్‌లోని చిబా విశ్వవిద్యాలయంలో యోషియో హోరి బృందం వివిధ లోహాల మీద వచ్చే ఉత్పత్తులను ఓపికగా తూకం వేసి వర్గీకరించింది. బంగారం, వెండి, జింక్ కార్బన్ మోనాక్సైడ్‌ను ఇస్తాయి. తగరం, సీసం, ఇండియం ఫార్మేట్ (ఫార్మిక్ ఆమ్లపు లవణ రూపం) ఇస్తాయి. ప్లాటినం, నికెల్, ఇనుము ఎక్కువగా హైడ్రోజన్‌నే ఇస్తాయి. రాగి ఒక్కటే చెప్పుకోదగ్గ మోతాదులో మీథేన్, ఇథిలిన్ దాకా వెళ్తుంది. కారణం పట్టు. ప్లాటినం కార్బన్ మోనాక్సైడ్‌ను గట్టిగా పట్టుకుని వదలదు, దాంతో ఉపరితలం మూసుకుపోతుంది. వెండి పుట్టగానే వదిలేస్తుంది. రాగి పట్టు ఈ రెంటికీ మధ్యస్థం. పక్కపక్కన కూర్చున్న రెండు కార్బన్ మోనాక్సైడ్ అణువులు జతకట్టేంత సేపు ఆగుతుంది. రాగి స్ఫటికంలో చదరపు అమరిక ఉన్న ముఖం ఇథిలిన్ వైపు, త్రికోణపు అమరిక ఉన్న ముఖం మీథేన్ వైపు మొగ్గుతాయి. రాగి మీద ఒకేసారి పదికి పైగా ఉత్పత్తులు కనబడటం మామూలే. ఆ వైవిధ్యం పరిశోధకుడికి పండగ, వాటిని వేరు చేయాల్సిన ఇంజినీరుకు తలనొప్పి.

నీళ్లలో వాయువు దొరకదు

పాత పద్ధతి రెండు గదుల గాజు సెల్. మధ్యలో అయాన్ పొర, కాథోడ్ (కార్బన్ డయాక్సైడ్‌కు ఎలక్ట్రాన్లు ఇచ్చే ఎలక్ట్రోడ్) వైపు 0.1 మోలార్ పొటాషియం బైకార్బొనేట్, అందులోకి నిమిషానికి 20 మిల్లీలీటర్ల చొప్పున కార్బన్ డయాక్సైడ్ బుడగలు. ఉత్ప్రేరకాన్ని అర్థం చేసుకోవడానికి ఇది చాలు. ఇంధనం తయారీకి మాత్రం పనికిరాదు, ఎందుకో చిన్న గుణకారం చెబుతుంది.

25 డిగ్రీల దగ్గర, ఒక వాతావరణ పీడనంలో లీటరు నీళ్లలో కరిగే కార్బన్ డయాక్సైడ్ సుమారు 33 మిల్లీమోల్స్. ఎలక్ట్రోడ్‌ను అంటిపెట్టుకుని దాదాపు 100 మైక్రాన్ల మందాన కదలని నీటి పొర ఉంటుంది. దాన్ని దాటుకుని వాయువు వ్యాపించే వేగాన్ని లెక్కలోకి తీసుకుంటే, రెండు ఎలక్ట్రాన్ల చర్యకు దొరికే గరిష్ఠ విద్యుత్ చదరపు సెంటీమీటరుకు 12 మిల్లీఆంపియర్లు. అంతకుమించి నెడితే ఎలక్ట్రాన్లు ఖాళీగా కూర్చోవు, నీటిని చీల్చి హైడ్రోజన్ చేస్తాయి. పరిశ్రమకు కావాల్సింది కనీసం 200 మిల్లీఆంపియర్లు.

అందుకే వాయు వ్యాపన ఎలక్ట్రోడ్ వచ్చింది. దాదాపు 200 మైక్రాన్ల కార్బన్ నార కాగితం, దాని మీద టెఫ్లాన్ కలిపిన సన్నరంధ్రాల కార్బన్ పూత, ఆపైన ఉత్ప్రేరకం. వెనక నుంచి వాయువు, ముందు నుంచి తేమ వచ్చి ఉత్ప్రేరకం దగ్గర కలుస్తాయి. వాయువు నీటిలో ప్రయాణించాల్సిన దూరం 100 మైక్రాన్ల నుంచి మైక్రాన్‌లో చిన్న భాగానికి పడిపోతుంది. ఈ ఒక్క మార్పుతో చదరపు సెంటీమీటరుకు ఒక ఆంపియర్ దాటిన ఫలితాలూ వచ్చాయి.

తయారీ చెప్పుకోవాలంటే స్ప్రే పెయింటింగ్ లాంటిదే. వెండి నానో కణాలను నీళ్లు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ మిశ్రమంలో, కొద్దిగా అయానోమర్ (అయాన్లను పారనిచ్చే పాలిమర్ జిగురు) కలిపి, అరగంట అల్ట్రాసోనిక్ తొట్టెలో ఉంచితే సిరా తయారవుతుంది. కార్బన్ కాగితాన్ని 60 నుంచి 80 డిగ్రీల వేడి పలక మీద పరిచి ఎయిర్‌బ్రష్‌తో పలచని పొరలుగా కొట్టాలి. ఒక్కో పొర ఆరాకే తర్వాతిది. తడి ఎక్కువైతే సిరా రంధ్రాల్లోకి దిగి దారులు మూసేస్తుంది. చదరపు సెంటీమీటరుకు ఒక మిల్లీగ్రాము వచ్చేదాకా తూచుకుంటూ పోవాలి. ఆనోడ్ (ఆక్సిజన్ పుట్టించే అవతలి ఎలక్ట్రోడ్) వైపు టైటానియం ఫెల్ట్ మీద ఇరిడియం ఆక్సైడ్, మధ్యలో ప్రధానంగా నెగటివ్ అయాన్లను దాటనిచ్చే ఆనయాన్ మార్పిడి పొర. క్లోరైడ్ రూపంలో వచ్చే ఈ పొరలను చాలావరకు ఒక మోలార్ పొటాషియం హైడ్రాక్సైడ్‌లో ఒక రోజు నానబెట్టి, ద్రావణం మార్చి, కడిగి వాడాలి. ఆ అడుగు ఎగ్గొడితే వోల్టేజీ మొదటి నిమిషం నుంచే ఎక్కువగా ఉంటుంది. క్లోరైడ్ అయాన్లు ఆనోడ్ దగ్గర క్లోరిన్‌గా మారే ప్రమాదం వేరే. బోల్టులు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. అతిగా బిగిస్తే కార్బన్ కాగితం నలిగి వాయువుకు దారి ఉండదు.

ముంపు, ఉప్పు

ఈ ఎలక్ట్రోడ్ చచ్చేది ఎక్కువగా రెండు విధాలు. మొదటిది ముంపు. పొడిగా ఉండాల్సిన రంధ్రాల్లోకి నీళ్లు చేరతాయి. కార్బన్‌కు నెగటివ్ వోల్టేజీ పెట్టేకొద్దీ దానికి నీటి మీద విముఖత తగ్గుతుంది. పుట్టిన ఇథనాల్ నీటి తలతన్యతను తగ్గించి ఆ పనిని ఇంకా సులువు చేస్తుంది. కార్బన్ కాగితానికి బదులు పూర్తిగా టెఫ్లాన్‌తో చేసిన రంధ్రాల పొర మీద రాగిని పూస్తే ముంపు బాగా ఆలస్యమవుతుంది. అయితే టెఫ్లాన్‌లో కరెంటు పారదు కాబట్టి రాగి పూత అంచుల నుంచే కరెంటు ఇవ్వాలి. చిన్న సెల్‌లో ఇది కుదురుతుంది, చదరపు మీటరు పలకలో కుదరదు.

రెండోది ఉప్పు. కాథోడ్ దగ్గర పుట్టే హైడ్రాక్సైడ్ అయాన్లు కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకుని కార్బొనేట్ అవుతాయి. ఆనోడ్ ద్రావణంలోని పొటాషియం పొర సందుల్లోంచి కొద్దికొద్దిగా వచ్చి చేరుతుంది. రెండూ కలిసి వాయువు పారే గాడిలో తెల్లటి స్ఫటికాలు కడతాయి. ఆ ఉప్పు నీటిని పీల్చుకుంటుంది కాబట్టి ముంపూ వెంటే వస్తుంది, గోరుచుట్టు మీద రోకటిపోటు. లక్షణాలు ఈ వరసలో కనబడతాయి: వాయువు లోపలికి వెళ్లే చోట పీడనం పెరుగుతుంది, తర్వాత హైడ్రోజన్ శాతం ఎక్కుతుంది, ఆఖరున వోల్టేజీ ఊగిసలాడుతుంది. పీడన మీటరు పెట్టని సెల్‌లో ఈ మొదటి హెచ్చరిక అందదు. విరుగుడు: ఆనోడ్ ద్రావణాన్ని 0.1 మోలార్ లోపు పలచగా ఉంచడం, వాయువును తేమగా పంపడం, మధ్యమధ్య వోల్టేజీ తగ్గించి ఉప్పు కరిగే వీలు ఇవ్వడం, లేదా కాథోడ్ గాడిని కొద్ది నీటితో కడగడం. పొటాషియం బదులు సీజియం వాడితే దాని బైకార్బొనేట్ ఎక్కువ కరుగుతుంది కాబట్టి స్ఫటికాలు ఆలస్యమవుతాయి, ఖర్చు మాత్రం పెరుగుతుంది.

ఉప్పు కంటే లోతైన నష్టం ఇంకొకటి ఉంది, శీర్షికల్లో అది అస్సలు కనబడదు. ఒక కార్బన్ మోనాక్సైడ్ అణువు తయారైతే రెండు హైడ్రాక్సైడ్‌లు పుడతాయి. అవి మరో కార్బన్ డయాక్సైడ్‌ను కార్బొనేట్‌గా కట్టేస్తాయి. అంటే ఒకటి మారితే ఒకటి చిక్కుకుంటుంది, ఒక విడతలో మార్పిడికి గరిష్ఠ పరిమితి 50 శాతం. ఇథిలిన్‌కైతే 12 ఎలక్ట్రాన్లు, 12 హైడ్రాక్సైడ్‌లు, అవి కట్టేసేవి 6 కార్బన్ డయాక్సైడ్‌లు. మారినవి 2, పోయినవి 6, పరిమితి 25 శాతం. ఎంత గొప్ప ఉత్ప్రేరకమైనా ఈ గీత దాటలేదు, ఇది ఉత్ప్రేరకం తప్పు కాదు. కార్బొనేట్ పొర దాటి ఆనోడ్ చేరి అక్కడ మళ్లీ కార్బన్ డయాక్సైడ్‌గా విడుదలవుతుంది. ఆ వైపు వాయువులో ఆక్సిజన్ ఒక పాలు, కార్బన్ డయాక్సైడ్ రెండు పాళ్లు ఉంటాయి. వాటిని వేరు చేయడానికి మళ్లీ శక్తి కావాలి.

దీనికి దారి ఆమ్ల ద్రావణం. ఆమ్లంలో కార్బొనేట్ నిలవదు. కానీ అందులో హైడ్రోజన్ రాజ్యమేలుతుందని చాలాకాలం ఎవరూ అటు పోలేదు. 2021లో టొరంటో విశ్వవిద్యాలయ బృందం గాఢ ఆమ్లంలో రాగి ఉపరితలం దగ్గర పొటాషియం అయాన్లను గుమికూడేలా చేసి, పరిమిత వాయువుతో నడిపినప్పుడు ఒక్క విడతలో 77 శాతం కార్బన్ డయాక్సైడ్‌ను వాడుకోగలిగింది. అధిక విద్యుత్ దగ్గర ఉపరితలానికి ఆనుకున్న పలచని పొర క్షారంగా మారుతుంది, రెండడుగులు దూరం జరిగితే ఆమ్లం. ఉపరితలం దగ్గర పుట్టిన కార్బొనేట్ బయటికి రాగానే తిరిగి వాయువై పనికొస్తుంది. ఆలోచన చక్కనిదే, వోల్టేజీ భారం మాత్రం మిగిలే ఉంది.

అవతలి ఎలక్ట్రోడ్

వేడిగా పోయిన 27 యూనిట్లలో కాథోడ్ వాటా ఒక్కటే కాదు. 1.15 పోను మిగిలిన 2.35 వోల్టుల్లో రాగి కాథోడ్ దాదాపు 0.7 నుంచి 0.9, ఆక్సిజన్ పుట్టించే ఆనోడ్ 0.3 నుంచి 0.4 తీసుకుంటాయి. రెండు వైపులా పీహెచ్ తేడా ఉంటే ఒక్కో పీహెచ్ అంకెకు 0.059 వోల్టులు పోతాయి. కాథోడ్ దగ్గర 12, ఆనోడ్ దగ్గర 7 ఉంటే అక్కడే 0.3. మిగతాది పొర, ద్రావణం, అతుకుల నిరోధం. చౌకైన నికెల్ ఫోమ్‌ను ఆనోడ్‌గా పెడదామనిపిస్తుంది. క్షారంలో అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. కార్బొనేట్ వచ్చి చేరి పీహెచ్ పడిపోగానే కరగడం మొదలుపెడుతుంది, కరిగిన నికెల్ కాథోడ్ చేరి అక్కడ హైడ్రోజన్ పుట్టిస్తుంది. ప్లాటినం తీగ ఆనోడ్ కూడా ఇదే మోసం చేస్తుంది. రెండు మూడు గంటల్లో ఫలితాలు మెల్లగా దిగజారితే ముందు కాథోడ్ మీద ప్లాటినం కోసం వెతకాలి. ద్రావణంలో ఇనుము, జింక్ జాడలు కూడా అంతే, అందుకే బైకార్బొనేట్‌ను లోహాలు పట్టే రెజిన్ మీదుగా పంపి శుద్ధి చేస్తారు.

కొలతలో జరిగే తప్పులు

ఫారడే సామర్థ్యం 105 శాతం వచ్చిందంటే ప్రకృతి ఉదారం కాలేదు, ప్రవాహం తప్పుగా కొలిచారు. ఒక ఉదాహరణ: బయటికి వచ్చే వాయువు నిమిషానికి 20 మిల్లీలీటర్లు, అందులో కార్బన్ మోనాక్సైడ్ 1 శాతం. 25 డిగ్రీల దగ్గర అది సెకనుకు 1.36 కోటివంతుల మోల్, రెండు ఎలక్ట్రాన్ల లెక్కన 26.3 మిల్లీఆంపియర్లు. సెల్‌లో పారుతున్నది 30 మిల్లీఆంపియర్లయితే సామర్థ్యం 88 శాతం. ఇక్కడ బయటికొచ్చే ప్రవాహాన్నే వాడాలి. అధిక విద్యుత్ దగ్గర కార్బొనేట్‌గా పోయిన వాటా వల్ల 50 లోపలికి పంపితే 35 మాత్రమే బయటికి రావచ్చు. లోపలి అంకె వేసి గుణిస్తే ఫలితం నలభై శాతానికి పైగా ఉబ్బుతుంది. చాలా 'రికార్డుల' రహస్యం ఇందులోనే ఉంటుందని నా అనుమానం.

వోల్టేజీని పోల్చేటప్పుడు, పీహెచ్ తేడా అడ్డురాని హైడ్రోజన్ ఎలక్ట్రోడ్ కొలమానంలోకి మార్చడానికి, సంతృప్త వెండి–వెండి క్లోరైడ్ రిఫరెన్స్ (స్థిరమైన వోల్టేజీ ఉన్న పోలిక ఎలక్ట్రోడ్) చూపిన విలువకు 0.197 కలిపి, పీహెచ్‌ను 0.059తో గుణించి అదీ కలపాలి. కార్బన్ డయాక్సైడ్‌తో సంతృప్తమైన బైకార్బొనేట్ పీహెచ్ 6.8 కాబట్టి మీటరు మీద మైనస్ 1.6 అంటే ఆ కొలమానంలో మైనస్ 1.0. బుడగలు పంపకముందు పీహెచ్ 8 పైన ఉంటుంది. అప్పటి అంకె వాడితే మొత్తం గ్రాఫ్ జరిగిపోతుంది. కొత్త ఉత్ప్రేరకంలో కార్బన్ ఉంటే ఒకసారి ఆర్గాన్‌తో, మరోసారి కార్బన్-13 (కాస్త బరువైన కార్బన్ రూపం) ఉన్న కార్బన్ డయాక్సైడ్‌తో నడిపి చూడాలి. వచ్చిన ఉత్పత్తి వాయువు నుంచి వచ్చిందా, ఉత్ప్రేరకంలోని పాత జిగురు కుళ్లి వచ్చిందా అన్నది అప్పుడే తేలుతుంది.

ముందుగా ఏది గట్టెక్కుతుంది

రెండు ఎలక్ట్రాన్ల ఉత్పత్తులే. వెండి కాథోడ్, 3 వోల్టులు, 95 శాతం సామర్థ్యంతో కిలో కార్బన్ మోనాక్సైడ్‌కు సుమారు 6 యూనిట్లు పడుతుంది, శక్తి సామర్థ్యం 42 శాతం. ఇథిలిన్ దారి కంటే రెట్టింపు. పైగా వెండి సెల్స్ వేల గంటలు నడిచాయి. రాగి అలా కాదు, నడుస్తుండగానే కణాలు కరిగి, జరిగి, కలిసిపోయి ఉపరితలం రూపు మారుతుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు హైడ్రోజన్ కలిపితే ఈ వాయువులను ద్రవ ఇంధనంగా మార్చే ఫిషర్–ట్రాప్ష్ పద్ధతిలో విమాన ఇంధనం దాకా వెళ్లవచ్చు.

అదే పనిని 800 డిగ్రీల దగ్గర, జిర్కోనియా పింగాణీ ఎలక్ట్రోలైట్‌తోనూ చేయవచ్చు. అక్కడ నీళ్లు ద్రవంగా లేవు కాబట్టి కార్బొనేట్ గొడవ లేదు, వేడి సాయంతో వోల్టేజీ కూడా తగ్గుతుంది. పర్సెవరెన్స్ రోవర్‌లోని మాక్సీ పరికరం 2021 నుంచి 2023 దాకా అంగారకుడి గాలితో 16 సార్లు ఈ చర్య నడిపి మొత్తం 122 గ్రాముల ఆక్సిజన్ తీసింది. అక్కడ కావాల్సింది ఆక్సిజన్, కార్బన్ మోనాక్సైడ్‌ను బయటికి వదిలేశారు. ఈ సెల్స్‌లో భయం వేరు: మార్పిడి మరీ ఎక్కువైతే కార్బన్ మోనాక్సైడ్ విడిపోయి మసిగా పేరుకుని నికెల్ ఎలక్ట్రోడ్‌ను చీల్చేస్తుంది. చల్లార్చి, మళ్లీ వేడి చేసే ప్రతిసారీ పింగాణీ పగిలే ముప్పు ఉంటుంది.

మిథనాల్ కావాలంటే నా ఓటు కార్బన్ డయాక్సైడ్ సెల్‌కు కాదు. నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీసి, రాగి–జింక్ ఆక్సైడ్ ఉత్ప్రేరకం మీద 200 నుంచి 300 డిగ్రీల దగ్గర, 50 బార్ పైన కార్బన్ డయాక్సైడ్‌తో కలపడం ఇప్పటికే పనిచేస్తున్న దారి. ఐస్‌లాండ్‌లోని జార్జ్ ఓలా కర్మాగారం ఏడాదికి 4,000 టన్నుల సామర్థ్యంతో ఇదే పద్ధతి వాడింది. కిలో మిథనాల్‌కు 0.19 కిలోల హైడ్రోజన్, అంటే దాదాపు 10 యూనిట్లు. కాలిస్తే వచ్చేది 5.5. వాయువును పట్టడం, కుదించడం ఖర్చు కలిపినా 67కు 13 కంటే ఇది చాలా మెరుగు.

కరెంటు ఎక్కడిదన్నది వీటన్నిటికంటే పెద్ద ప్రశ్న. కిలో కార్బన్ మోనాక్సైడ్ వాడుకునే కార్బన్ డయాక్సైడ్ 1.57 కిలోలు. ఆ 6 యూనిట్లు బొగ్గు కరెంటైతే, యూనిట్‌కు 0.9 కిలోల చొప్పున 5.4 కిలోలు గాల్లోకి వెళ్తుంది. 1.57ను 6తో భాగిస్తే 0.26. యూనిట్‌కు అంతకంటే ఎక్కువ కార్బన్ ఉన్న కరెంటుతో సెల్ నడపడమంటే పట్టుకున్న దానికంటే ఎక్కువ వదలడం. ఆ కార్బన్ మోనాక్సైడ్‌తో చేసిన ఇంధనం కాలినప్పుడు 1.57 కూడా తిరిగి గాల్లోకే పోతుంది.

అందుకే సౌర, పవన విద్యుత్ కావాలి, అక్కడ మరో చిక్కు మొదలవుతుంది. సాయంత్రం కరెంటు పోగానే నెగటివ్ వోల్టేజీ రక్షణ లేని రాగి కాథోడ్ ఆక్సీకరణ చెందుతుంది, కొంత కరుగుతుంది. పొద్దున మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఆ రాగి వేరే ఆకారంలో తిరిగి పేరుకుంటుంది. నిన్న ఇథిలిన్ ఇచ్చిన ఎలక్ట్రోడ్ ఇవాళ మీథేన్, హైడ్రోజన్ ఇవ్వవచ్చు. రాత్రంతా చిన్న కాపలా విద్యుత్ పారిస్తే రాగి నిలబడుతుంది. ఆపే ముందు కాథోడ్ గాడిని నీటితో కడిగి, పొడి నైట్రోజన్ పంపితే ఉప్పు గట్టిపడదు. కానీ పొర ఎండిపోకూడదు కాబట్టి ఆనోడ్ వైపు ద్రావణాన్ని మాత్రం పారనివ్వాలి.